తా... కిట: రనప్‌కీ రిలీజ్‌కీ తాళం కుదర్చడం ఎలా

సాయంత్రం ఏ ఊరి గ్రౌండ్‌కి వెళ్లినా ఒక కుర్రాడు కనిపిస్తాడు. బౌండరీ దగ్గర్నుంచి రైలింజన్‌లా దూసుకొస్తాడు. అంపైర్ పక్కకి వచ్చేసరికి అడుగులు తడబడతాయి. రెండు చిట్టి అడుగులేసి సర్దుకుని, ఆగినంత పని చేసి, మిగిలిన భుజబలంతో బంతి వేస్తాడు. అంత పరుగూ క్రీజు (బంతి వేసే గీత) దగ్గరే ఇంకిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం "ఇంకా గట్టిగా పరిగెత్తరా" అంటారు. ఆ సలహా వాడికి మేలు చేయదు. పదిహేడేళ్ల వయసులో నేను విన్న సలహా కూడా అదే. పరుగు పెంచాను, నడుం పట్టేసింది, ఆరు నెలలు బంతి ముట్టుకోలేదు.

ఫాస్ట్ బౌలింగ్‌లో టైమింగ్ అంటే ఒక వరస. పరుగులో కూడిన వేగం ముందుకాలి దగ్గర ఆగాలి. అక్కణ్నుంచి నడుముకి, నడుము నుంచి భుజానికి, భుజం నుంచి చేతికి, చివరికి మణికట్టు మీదుగా వేళ్లలోకి రావాలి. వీటిలో ఏదైనా తన వంతు రాకముందే కదిలితే వెనకవాటి కష్టమంతా వృథా. అందుకే బంతి చేయి దాటే చోట కనిపించే తప్పు చాలాసార్లు అక్కడ పుట్టింది కాదు. అంతకుముందు మూడడుగుల్లోనో, ఒక్కోసారి రనప్ (బంతి వేయడానికి ముందు పరుగు) మొదటి అడుగులోనో పుట్టి ఉంటుంది.

నేర్చుకునేటప్పుడు మాత్రం చివరి నుంచి మొదటికి రండి. ముందు రిలీజ్ (బంతిని చేతిలోంచి వదలడం), తర్వాత ఒక్క అడుగు, ఆ తర్వాత జంప్, అన్నిటికన్నా ఆఖర్న పరుగు. కుడిచేతి బౌలర్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఎడమచేతి వాళ్లు కుడి ఎడమలు మార్చి చదువుకోండి.

కావలసినవి

నాలుగైదు పాత బంతులు, కొలిచే టేపు, గీత గీయడానికి ముగ్గు పిండో సున్నమో, స్లో మోషన్ ఉన్న ఫోను, సాయానికి ఒక స్నేహితుడు. ఫోన్‌ని పిచ్‌కి పక్కగా, క్రీజుకి సూటిగా, నడుమెత్తులో పెట్టించండి. చేత్తో పట్టుకుంటే ఊగుతుంది. కుర్చీ మీద ఇటుకకి ఆనించి పెడితే చాలు. ఒళ్లు వేడెక్కే దాకా, అంటే పది పన్నెండు నిమిషాలు పరుగు, భుజాల కదలికలు అయ్యాకే బంతి పట్టుకోండి.

ముందు మీ తప్పేమిటో చూసుకోండి

ఏమీ మార్చకుండా మీరు రోజూ వేసేట్టే పన్నెండు బంతులు వేయండి. స్నేహితుణ్ని రెండే రాయమనండి: ముందుకాలు గీతకి ఎంత దూరంలో పడింది, బంతి ఎక్కడ నేలని తాకింది.

బంతి చేతిలోంచి తొందరగా జారితే నేల తాకకుండా ఫుల్‌టాస్ అవుతుంది, లేదా బ్యాటర్ తల మీదుగా పోతుంది. ఆలస్యంగా వదిలితే నేలకి కొట్టినట్టు షార్ట్‌గా, బ్యాటర్‌కి దూరంగా పడుతుంది. ఒక ఓవర్లో రెండూ పడుతున్నాయంటే మీ రిలీజ్ బంతి బంతికీ మారుతోందన్నమాట. ఇక కాలి గుర్తులు చూడండి. అవి ఒక జానెడులో ఉంటే మీ రనప్ బాగుంది, చేతి దగ్గర పని చేయాలి. ఒకటి గీత మీద, ఒకటి గీతకి రెండడుగుల వెనక ఉంటే మాత్రం చేతిని తప్పుపట్టకండి. కాలు ఎక్కడ పడుతుందో తెలియనప్పుడు చేయి ఎప్పుడు తిరగాలో దానికి మాత్రం ఎలా తెలుస్తుంది?

మొదటి మెట్టు: నిలబడి వేయడం

పరుగు లేదు, అడుగు లేదు. పక్కకి తిరిగి, ఎడమకాలు ముందు, కుడికాలు వెనక పెట్టి నిలబడండి. ఎడమ చేయి పైకి చాచి, దాని పక్కనుంచి లక్ష్యాన్ని చూడండి. బంతి ఉన్న చేయి కుడి తొడ దగ్గర ఉంటుంది. అక్కణ్నుంచి ఎడమ మోచేతిని పక్కటెముకల వైపు లాగండి. కుడి చేయి దాని వెనకే వస్తుంది. బావి గిలక మీద చేంతాడు ఒకవైపు లాగితే రెండో వైపు బొక్కెన ఎలా పైకొస్తుందో అలా. ఎడమ చేతిని వదిలేసి కుడి చేత్తోనే బలవంతంగా వేసేవాళ్లకి టైమింగ్ ఎప్పటికీ నిలకడగా ఉండదు. గల్లీలో టెన్నిస్ బంతితో నేర్చుకున్నవాళ్లలో ఇది ఎక్కువ. ఆ బంతి తేలిక కాబట్టి ఒక్క చేత్తో నడిచిపోతుంది. తోలు బంతి సుమారు 160 గ్రాములుంటుంది, అది ఊరుకోదు.

మణికట్టు బంతి వెనక ఉండాలి, సీమ్ (బంతి మీది కుట్టు) నిటారుగా ఉండాలి, చూపుడు వేలూ మధ్య వేలూ ఆఖర్న బంతిని వదలాలి. పట్టు గురించి ఇంతకన్నా ఇక్కడ అక్కర్లేదు. పదిహేను గజాల దూరంలో ఒక చెప్పు పెట్టి దాని మీద పడేట్టు ఇరవై బంతులు వేయండి.

రెండో మెట్టు: 'కిట'

చివరి అడుగుల లయకి నేను పిల్లలకి చెప్పే మాట 'తా... కిట'. ఎడమకాలితో పైకి లేచినప్పుడు 'తా'. గాలిలో ఉన్నంతసేపూ అది సాగుతుంది. కుడికాలు దిగినప్పుడు 'కి'. ఎడమకాలు పడినప్పుడు 'ట'. 'కి'కీ 'ట'కీ మధ్య ఎడం చాలా తక్కువ, రెండూ ఒకదాని వెంట ఒకటి పడాలి. 'ట' పడ్డాక దాదాపు సెకనులో పదోవంతు కాలానికి బంతి చేయి దాటుతుంది. ఆ పదోవంతు సెకను కోసమే ఈ కసరత్తంతా.

ముందు 'కిట' ఒక్కటే చేద్దాం. కుడికాలి మీద బరువు మోపి, ఎడమ మోకాలు కాస్త పైకెత్తి నిలబడండి. నోటితో పైకే 'కి' అనుకుని, 'ట' అంటూ ఎడమకాలు వేసి, బంతి వదలండి. సిగ్గుపడకుండా గట్టిగా అనండి. మాట పైకి అంటుంటే శరీరం దాన్ని పట్టుకుంటుంది. మృదంగం నేర్చుకునేవాళ్లు చేతికన్నా ముందు నోటితో జతులు చెప్పేది ఇందుకే.

ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైనది ముందుకాలు. సైకిల్ మీద వేగంగా పోతూ ముందు బ్రేకు గట్టిగా పట్టారనుకోండి. చక్రం ఆగుతుంది, మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకి తూలతాడు. బౌలింగ్‌లో ఆ బ్రేకు మీ ఎడమకాలు. అది నేల మీద పడి గట్టిగా నిలిస్తే నడుము పైభాగం దాని మీదుగా ముందుకి దూసుకెళ్తుంది, చేయి కొరడాలా వస్తుంది. పడగానే మోకాలు మడతపడి కూలబడితే వేగం ఆ మోకాల్లోంచే కారిపోతుంది. అలాగని మోకాలిని బలవంతంగా బిగించకండి. ఫాస్ట్ బౌలర్ ముందుకాలి మీద పడే దెబ్బ ఒంటి బరువుకి ఐదారు రెట్లు ఉంటుంది. దాన్ని మోయడానికి తొడ, పిక్క, పిరుదు కండరాలు సిద్ధం కావాలి. వారానికి రెండు రోజులు గుంజీళ్లు, ఒంటికాలి గుంజీళ్లు చేయండి. బిగువు దానంతటదే వస్తుంది.

ఇప్పుడు ఫోన్ తీయండి. ముందుకాలు నేలని తాకిన ఫ్రేమ్ దగ్గర ఆపి చూడండి. బంతి ఉన్న చేయి ఎక్కడుంది? ఇంకా వెనకే, భుజం ఎత్తుకి రాకుండా ఉంటే వరస సరిగ్గా ఉంది. అప్పటికే చెవి పక్కకి వచ్చేసిందంటే చేయి తొందరపడింది. కాలి బ్రేకు పడకముందే చేయి తిరిగిపోయింది కాబట్టి కింది నుంచి రావలసిన బలమేదీ బంతికి చేరదు. నేను చూసిన పిల్లల్లో పదిమందికి ఏడెనిమిది మంది సమస్య ఇదే. "చేయి స్పీడుగా తిప్పు" అని ఎవరో చెప్పి ఉంటారు. చేయి వేగంగా తిరగాలంటే ముందు అది ఓపిక పట్టాలి.

రనప్ పొడుగ్గా ఉంటేనే స్పీడ్ వస్తుందని నమ్మేవాళ్లు జస్‌ప్రీత్ బుమ్రాని చూడండి. మొదట్లో నడకలా ఉండే చిన్న రనప్, ఆఖర్న కొన్ని వేగమైన అడుగులు, అంతే. కర్రలా నిలిచే ముందుకాలు, అందరికన్నా కాస్త ముందుకి వచ్చాక వదిలే బంతి. ఆయన యాక్షన్‌ని మక్కీకి మక్కీ దించమనడం లేదు, ఆయన మోచేయి ఒంపు పుట్టుకతో వచ్చింది. వేగం ఎక్కడ తయారవుతుందో ఆయన్ని చూసి తెలుసుకోమంటున్నాను.

ఈ మెట్టు మీద వారం రోజులు ఉండండి. విసుగొస్తుంది. అయినా ఉండండి.

మూడో మెట్టు: 'తా' కలపడం

మూడు అంగల దూరం వెనక్కి వెళ్లి, నడుస్తూ వచ్చి, ఎడమకాలితో లేచి, 'తా... కిట' అని వేయండి. నడక అలవాటయ్యాక నెమ్మది పరుగు.

జంప్ పైకి కాదు, ముందుకి. టీవీలో ఎవరో ఎత్తుగా ఎగరడం చూసి అలాగే ఎగిరే పిల్లలున్నారు. ఎంత ఎత్తుకి లేస్తే అంత బరువుగా దిగుతారు. దిగిన కుడికాలు కూలబడుతుంది, 'కి'కీ 'ట'కీ మధ్య ఎడం పెరిగిపోతుంది. వాగు మీద రాయి నుంచి రాయికి దాటేటప్పుడు ఎంత లేస్తామో అంత చాలు.

దిగేటప్పుడు కుడి పాదం ఎటు తిరిగి ఉందో చూసుకోండి. పాదం క్రీజు గీతకి సమాంతరంగా పడితే నడుమూ భుజాలూ పక్కకి ఉండాలి. పాదం బ్యాటర్ వైపు చూస్తుంటే ఛాతీ కూడా బ్యాటర్ వైపే ఉండాలి. రెండు పద్ధతులూ మంచివే. నడుము బ్యాటర్ వైపూ భుజాలు పక్కకీ ఉండే మిశ్రమ యాక్షన్ మాత్రం ప్రమాదం. ప్రతి బంతికీ వెన్ను పిండినట్టు మెలి తిరుగుతుంది. కుర్ర బౌలర్ల నడుం ఎముకలో పదేపదే ఒత్తిడి పడి వచ్చే సన్నని చీలికలకి (స్ట్రెస్ ఫ్రాక్చర్లకి) ఇదొక పెద్ద కారణం. నడుం కింది భాగంలో ఒకవైపు నొప్పి మొదలై, బంతి వేసేటప్పుడల్లా ఎక్కువవుతుంటే జండూబామ్ రాసుకుని ఆడేయకండి. ఆపి, ఎముకల డాక్టర్‌కి చూపించుకోండి. నేను ఆరు నెలలు పోగొట్టుకున్నది ఇక్కడే కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాలుగో మెట్టు: రనప్ కొలవడం

మన దగ్గర చాలామంది రనప్‌ని అంగలతో కొలుస్తారు. పద్దెనిమిది అంగలేసి చెప్పుతో గీత గీస్తారు. మ్యాచ్ రోజు ఉత్సాహంలో అంగలు పొడుగవుతాయి, గీత వెనక్కి జరుగుతుంది, క్రీజు దగ్గర లెక్క తప్పుతుంది. అందుకే రెండు చిట్టి అడుగులు, అందుకే నో బాల్.

పద్ధతి ఇలా. పిచ్ సంగతి వదిలేసి ఖాళీ గ్రౌండ్‌లోకి వెళ్లండి. ఒక గీత గీసి, అక్కణ్నుంచి బయల్దేరి, ఎదురుగా క్రీజూ స్టంప్సూ ఏవీ లేకుండా హాయిగా పరుగెత్తుకెళ్లి, ఎక్కడ బంతి వేయాలనిపిస్తే అక్కడ వేసేయండి. మీ ఎడమకాలు ఎక్కడ పడిందో స్నేహితుడు గుర్తు పెడతాడు. ఇలా ఎనిమిది పది సార్లు. గుర్తులు మొదట చెదిరి ఉంటాయి, పోనుపోనూ ఒకచోట చేరతాయి. ఆ గుంపు మధ్య నుంచి మొదటి గీత దాకా టేపుతో కొలవండి. అదే మీ రనప్. ఎవరో చెప్పిన పదిహేనో ఇరవయ్యో కాదు, మీ కాళ్లు అడిగిన దూరం. అంకె రాసి పెట్టుకోండి. టేపు లేని రోజు కోసం అదే దూరం మీ బూటు పాదాలతో మడమకి వేలు ఆనించి ఎన్ని వస్తాయో కూడా లెక్కపెట్టి ఉంచుకోండి.

ఇప్పుడు అదే కొలతని పిచ్ మీదికి తెండి. కొలిచేది స్టంప్స్ నుంచి కాదు, పాపింగ్ క్రీజు నుంచి. ఆ గీత స్టంప్స్ గీతకి టేపు కొలతలో నాలుగడుగులు ముందుంటుంది. నిబంధన ప్రకారం ముందు పాదం పడేటప్పుడు దానిలో కొంత భాగమైనా, నేల మీదున్నా గాల్లో ఉన్నా, ఆ గీతకి వెనక ఉండాలి. వెనకకాలు పక్క గీతని తాకకూడదు. మీ కాలు గీతకి ఆరంగుళాలు వెనక పడేట్టు గుర్తు పెట్టుకోండి. అలసట, ఎదురుగాలి, ఉత్సాహం అన్నిటికీ ఆ ఆరంగుళాలే ఆసరా.

2017 ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్, లండన్ ఓవల్. పాకిస్థాన్ ఓపెనర్ ఫఖర్ జమాన్ 3 పరుగుల మీద ఉండగా బుమ్రా బంతికి ధోనీ చేతికి చిక్కాడు. రీప్లేలో చూస్తే నో బాల్. ఆ ఫఖర్ 114 కొట్టాడు, మనం 180 పరుగుల తేడాతో ఓడాం. అంతటి బౌలర్‌కే అంగుళాల్లో జరిగిన నష్టం అది. మన నెట్స్‌లో గీతే ఉండదు, ఉన్నా ఎవరూ చూడరు. దయచేసి సాధనలో ప్రతి బంతికీ గీత గీసుకోండి. దాటిన బంతికి వికెట్ పడ్డా లెక్కలోకి తీసుకోకండి.

ఐదో మెట్టు: పరుగు

ప్రతిసారీ ఒకే కాలితో మొదలుపెట్టండి. చిన్న విషయంలా ఉంటుంది కానీ సగం తడబాట్లు ఇక్కడే తీరిపోతాయి. మొదటి నాలుగడుగులు పొట్టిగా, తొందర లేకుండా వేయండి. ఇవి మారితే చివరి అడుగులు మారతాయి, అందుకే నాలుగో అడుగు పడే చోట కూడా ఒక గుర్తు పెట్టి స్నేహితుణ్ని దాన్నే చూడమనండి. అక్కణ్నుంచి వేగం మెట్టు మెట్టుగా పెరగాలి. జంప్ ముందు తగ్గకూడదు. ప్రాణం పెట్టి పరుగెత్తితే దాన్ని ముందుకాలి మీద ఆపలేరు. అదుపు చేయగలిగినంతే మీ సరైన వేగం. కొందరికి అది పూర్తి పరుగులో మూడొంతులే, ఫర్వాలేదు.

పాదాల చప్పుడు వినండి. వెస్టిండీస్ మైకేల్ హోల్డింగ్ రనప్‌లో అంపైర్‌కి అడుగుల శబ్దం కూడా వినిపించేది కాదట. అందుకే ఆయనకి 'విస్పరింగ్ డెత్' అని పేరొచ్చింది. మడమలు ధన్ ధన్ మని మోగుతుంటే వేగం నేలలోకి పోతోందని అర్థం. చేతులు ఛాతీకి అడ్డంగా ఊపకండి, ముందుకీ వెనక్కీ ఊగనివ్వండి. తల కదలకూడదు. రిలీజ్ అయ్యేటప్పుడు తల ఎడమవైపు వాలిపోతే బంతి లెగ్‌సైడ్ పోతుంది, ఇక మణికట్టుని ఎంత సర్దినా లాభం లేదు.

ఆరో మెట్టు: కలిపి వేయడం

ఒక రోజు సాధన ఇలా పెట్టుకోండి: నిలబడి ఆరు, 'కిట'తో ఆరు, మూడడుగులతో ఆరు, సగం రనప్‌తో పన్నెండు, పూర్తి రనప్‌తో పన్నెండు. మొత్తం నలభై రెండు బంతులు, వారానికి మూడు రోజులు, మధ్యలో విశ్రాంతి. పూర్తి రనప్‌లో తాళం తప్పిందనిపిస్తే ఆపి ఒక మెట్టు కిందికి దిగి, నాలుగు బంతులేసి మళ్లీ ఎక్కండి. తప్పుతున్న యాక్షన్‌తోనే వంద బంతులేస్తే ఆ తప్పే ఒంటికి పట్టేస్తుంది.

పిల్లల తల్లిదండ్రులకీ కోచ్‌లకీ ఒక మాట. పదమూడేళ్ల లోపు పిల్లల చేత మ్యాచ్‌లో ఒక్క విడతలో ఐదు ఓవర్లకి మించి ఫాస్ట్ వేయించకండి. సంక్రాంతి టోర్నమెంట్లలో "మావాడు బాగా వేస్తున్నాడు" అని ఎండలో పది ఓవర్లు గుంజడం చూస్తుంటాను. ఆ రోజు వికెట్లు వస్తాయి, కానీ ఆ వెన్నుతో వాడు ఇంకా పదిహేనేళ్లు వేయాలి.

మ్యాచ్‌లో తాళం తప్పితే

రెండు వైడ్లు పడగానే మనవాళ్లు గట్టిగా వేయడం మొదలుపెడతారు. ఆగండి. గుర్తు దగ్గరికి వెళ్లి, ఒక నిండు ఊపిరి వదిలి, లోపల 'తా... కిట' అనుకోండి. మార్చాల్సింది ఒక్కటే ఎంచుకోండి. బంతి షార్ట్ పడుతుంటే చాలాసార్లు ముందుకాలు కూలబడుతోంది, దాన్ని గట్టిగా మోపడం మీద ధ్యాస పెట్టండి. ఫుల్‌టాస్‌లు పడుతుంటే చేయి తొందరపడుతోంది, ఎడమ చేతిని ఇంకాస్త సేపు పైన ఉంచండి. కాలు గీత దాటుతుంటే యాక్షన్ జోలికి పోకండి, గుర్తుని ఒక పాదం వెనక్కి జరపండి. ఎదురుగాలి ఉంటే అంగలు పొట్టివవుతాయి, గుర్తుని ముందుకి. వెనకగాలి ఉంటే వెనక్కి.

అలసినప్పుడు తాళం ఎంత విలువైనదో 2025 ఆగస్టు 4న అదే ఓవల్‌లో చూశాం. హైదరాబాద్ గల్లీల్లో టెన్నిస్ బంతితో మొదలుపెట్టిన మహ్మద్ సిరాజ్ ఇంగ్లండ్‌తో ఆ సిరీస్ ఐదు టెస్టులూ ఆడాడు. 185.3 ఓవర్లు, అంటే 1113 బంతులు వేశాడు. ఆ చివరి బంతి యార్కర్, అంటే బ్యాటర్ కాళ్ల దగ్గర పడే బంతి. అట్కిన్సన్ ఆఫ్ స్టంప్ లేచిపోయింది, 6 పరుగులతో గెలిచాం. ఐదో టెస్టు ఐదో రోజు కూడా ఆ చేయి తన వంతు వచ్చేదాకా ఆగింది.

ఇంకొక్కటి. మీ కొలత శాశ్వతం కాదు. స్పైక్స్ నుంచి రబ్బరు బూట్లకి మారినా, మట్టి పిచ్ నుంచి మ్యాట్ మీదికి వచ్చినా ఒకటి రెండు పాదాలు తేడా వస్తుంది. మ్యాట్ అంచు కాలికి తగిలేచోట పడుతుంటే ముందే చూసుకోండి, మేకులు సరిగ్గా దిగాయో లేదో చేత్తో లాగి చూడండి. ఎదిగే వయసు పిల్లలైతే మూడు నెలలకోసారి పాత అంకె కొట్టేసి, ఖాళీ గ్రౌండ్‌లోకి తీసుకెళ్లి మళ్లీ మొదటి నుంచి కొలవండి.